వేసవి గాలివానలు, పిడుగులు: నెల్లూరు, ప్రకాశం ఊళ్లలో ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఏప్రిల్‌లో ఒక గాలివాన వచ్చి వెళ్లిందంటే చాలు, పాఠకులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కల్లంలో వడ్లు ఎలా కాపాడుకోవాలి? రేకులు ఎగిరిపోకుండా ఏం చేయాలి? పొలంలో ఉండగా పిడుగులు మొదలైతే ఎక్కడికి పోవాలి? అమెరికాలో వచ్చే టోర్నడోలు, అంటే మబ్బు నుంచి నేలకు దిగే పెద్ద సుడిగాలులు, మన దగ్గరికీ వస్తాయా? వీటన్నిటికీ చేయాల్సిన వరుసలో జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. తుఫాను రెండు మూడు రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. వేసవి గాలివానకు అంత ఓపిక లేదు. మబ్బు కనబడిన అరగంట, గంటలో మీద పడుతుంది. ఆ అరగంటలో వడ్ల మీద పట్ట కప్పడానికో, మోటారు ఆపడానికో, గేదెను విప్పుకు రావడానికో పరిగెత్తినప్పుడే మనుషులు పిడుగుకు చిక్కుతున్నారు. అందుకే ఈ మార్గదర్శిలో సగం పనులు మబ్బు పుట్టకముందు చేసేవే.

## 1. శివరాత్రి వెళ్లగానే చేసి పెట్టుకోవాల్సినవి

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఈ వానల కాలం. భరణి, కృత్తిక కార్తెల్లో, అంటే ఏప్రిల్ చివర నుంచి మే మూడో వారం దాకా, మరీ జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి చలి తగ్గగానే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.

రేకుల ఇల్లు. గాలి రేకును పైనుంచి నొక్కి విరచదు, అంచు కింద దూరి పైకి లేపుతుంది. కాబట్టి చూడాల్సింది అంచులు, మూలలే. అక్కడ హుక్కు బోల్టులు తుప్పు పట్టాయా, వాషర్లు ఊడాయా, రేకు బోల్టు దగ్గర పగిలిందా చూడండి. మధ్యలో ఒక బోల్టు లేకపోయినా కొంత నిలుస్తుంది, చూరు అంచున ఒక్కటి లేకపోతే అక్కడినుంచే మొదలవుతుంది. వసారా రేకులు ఇంటి రేకులతో కలిపి ఉంటే, వసారా లేచినప్పుడు ఇల్లు కూడా లేస్తుంది. వీలైతే రెండూ విడివిడిగా బిగించండి.

మన ఊళ్లలో అందరూ చేసే పొరపాటు రేకుల మీద బండరాళ్లు, పాత టైర్లు పెట్టడం. గాలికి రేకు లేస్తే ఆ రాయి కింద పడుకున్నవాళ్ల మీదే పడుతుంది. బరువు పెట్టక తప్పదనుకుంటే ఇసుక మూటలు పెట్టి, వాటిని తాడుతో దూలానికి కట్టండి.

చెట్లు. ఇంటి మీదికి, కరెంటు తీగల మీదికి వాలిన వేప, తుమ్మ కొమ్మలు కొట్టించండి. తీగలకు తగిలే కొమ్మలను సొంతంగా కొట్టొద్దు. లైన్‌మన్‌కు చెప్పి, సరఫరా ఆపించాకే ఆ పని.

పట్టలు. వడ్ల రాశి కొలత చూసుకుని, రాశి అంచు దాటి నాలుగు వైపులా రెండు మూడడుగులు నేలమీదికి వచ్చేంత పట్ట కొనండి. పాతవాటిని ఎండకు ఎత్తి పట్టి చూస్తే చిల్లులు కనబడతాయి.

సీజన్ ముందు చూసుకోవాల్సిన జాబితా:

- చూరు అంచుల్లో హుక్కులు, వాషర్లు బిగించారా
- ఇంటి మీది కొమ్మలు తీయించారా
- మోటారు స్టార్టరు పెట్టెకు మూత ఉందా, ఎర్తింగ్ తీగ తెగలేదుగా
- పట్టలు, తాళ్లు, ఇసుక మూటలు కల్లం దగ్గరే ఉన్నాయా
- టార్చిలైటు, ఫోను చార్జి చేసే పవర్ బ్యాంకు పనిచేస్తున్నాయా
- ఎవరు ఏ పైరు వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంటలో మీ పైరు నమోదైందా (ఎందుకో 10వ భాగంలో ఉంది)
- ఫోనులో పిడుగుల సంగతి చెప్పే 'దామిని' యాప్ పెట్టుకుని, లొకేషను ఆన్ చేశారా

## 2. రోజూ పొద్దున పది నిమిషాలు: హెచ్చరిక చదవడం

వాతావరణ శాఖ జిల్లాకు నాలుగు రంగుల్లో హెచ్చరిక ఇస్తుంది. ఆకుపచ్చ అంటే చేయాల్సింది ఏమీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధమైపోవాలి. ఎరుపు అంటే ఇక పని చేసేయాల్సిందే.

ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది పసుపు రంగును. పసుపు వస్తే ఏమీ కాదనుకుని వడ్లు ఆరబోసి ఊళ్లోకి వెళ్లిపోతారు. ఆ రంగు జిల్లా మొత్తానికి ఇచ్చినది. కావలిలో ఎండ కాస్తుండగానే ఉదయగిరిలో వడగళ్లు పడొచ్చు. పసుపు రోజున కూడా కింద చెప్పిన మధ్యాహ్నం 2 గంటల పనులు చేయాల్సిందే.

జిల్లా హెచ్చరిక తర్వాత చూడాల్సింది 'నౌకాస్ట్', అంటే రాబోయే మూడు గంటలకు ఇచ్చేది. దానితోపాటు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో పిడుగుల హెచ్చరికలు ఇస్తుంది, ఫోన్లకు మెసేజీలూ పంపుతుంది. ఆ మెసేజీలో మీ మండలం పేరు ఉంటే ఇంకొకరిని అడగక్కర్లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీరున్న చోటికి 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల లోపల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. 40 వలయంలో కనబడితే పని ముగించడం మొదలుపెట్టండి, 20లోకి వస్తే లోపల ఉండండి.

ఇంట్లో ఒకరికి ఈ బాధ్యత అప్పజెప్పండి. పదో తరగతి చదివే పిల్లలైతే ఇంకా మంచిది. పొలంలో ఉన్న పెద్దవాళ్లకు ఫోను చేసి చెప్పడం వాళ్ల పని.

## 3. ఆకాశం చూసి గుర్తుపట్టడం

యాప్ ఉన్నా సిగ్నల్ లేని చోట్లు ఉన్నాయి. వెలిగొండల అంచున మేత మేపే కాపరికి ఆకాశమే దిక్కు.

మనకు పడమట వెలిగొండలు, నల్లమల. తూర్పున సముద్రం. పొద్దంతా నేల కాగి, తూర్పు నుంచి తేమ గాలి లోపలికి వచ్చి, పడమటి పొడి వేడిగాలితో కలిసిన చోట మబ్బు పైకి లేస్తుంది. దానికి తోడు ద్రోణి, అంటే తక్కువ పీడనం పొడుగ్గా పరుచుకున్న పట్టీ, ఉందని రేడియోలో, టీవీలో చెప్పారంటే అవకాశం ఎక్కువ. ఇలా పుట్టిన మబ్బు చాలాసార్లు పడమటి నుంచి తూర్పుకు వస్తుంది. అందుకే మధ్యాహ్నం తర్వాత కొండల వైపు చూడాలి.

వరుసగా కనబడే గుర్తులు ఇవి:

1. మధ్యాహ్నానికి విపరీతమైన ఉక్కపోత, గాలి స్తంభించడం.
2. పడమట తెల్లగా, గట్టి అంచులతో మబ్బు నిలువునా పెరగడం.
3. దాని తల కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకోవడం. ఇక అది పిడుగుల మబ్బే.
4. అడుగు భాగం నల్లబడటం, దూరంగా ఉరుము.
5. ఉన్నట్టుండి చల్లగాలి, దుమ్ము. అప్పటికి మీ చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలే.

అయిదో గుర్తు దాకా ఆగకండి. చల్లగాలి తగిలిందని ప్రాణం లేచొచ్చి బయటే నిలబడతాం. ఆ చల్లగాలి మబ్బులోంచి కిందికి దూకి నేలమీద పరుచుకున్న గాలి. చెట్లు విరిచేదీ, రేకులు లేపేదీ అదే.

## 4. మధ్యాహ్నం 2 గంటల లోపు

పసుపు, నారింజ, ఎరుపు ఏ రంగు ఉన్నా, 2 గంటలకు ఈ పనులు అయిపోవాలి. ఈ వానలు ఎక్కువగా సాయంత్రం, రాత్రి మొదటి జాములో వస్తాయి కాబట్టే ఈ గడువు.

- ఆరబోసిన వడ్లు, మిరప కుప్ప చేయడం
- మోటారు ఆపి, స్టార్టరు కట్టేయడం
- గేదెలను చెట్టు కింద నుంచి విప్పి కొట్టంలోకి తోలడం
- ఆరేసిన బట్టలు, మిద్దె మీది మంచాలు, రేకు ముక్కలు లోపల పెట్టడం
- ఉపాధి పనుల వాళ్లు, నిమ్మకాయలు కోసే కూలీలు ఇంటికి చేరడం

వడ్ల కుప్ప గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నెల్లూరులో రబీ కోతలు మార్చి, ఏప్రిల్‌లో పడతాయి. సరిగ్గా అప్పుడే ఈ వానలు. పుట్టికి 850 కిలోల లెక్కన అమ్ముకునే వడ్లు ఒక్క సాయంత్రం తడిస్తే, కొనుగోలుకు అడిగే 17 శాతం తేమకు మళ్లీ దించడానికి రోజులు పడుతుంది.

కుప్ప వరుస ఇలా ఉండాలి. పల్లం కాని చోటు ఎంచుకోండి. అడుగున ఎండుగడ్డి మందంగా పరిచి, దాని మీద పట్ట వేసి వడ్లు పోయండి. గుండ్రంగా కాకుండా పొడుగ్గా, మధ్యలో ఎత్తుగా పోస్తే నీళ్లు నిలవవు. చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, దాని నోరు పల్లానికి తిప్పండి. ఎకరా నేల మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే దాదాపు లక్ష లీటర్ల నీళ్లు. కాలువ లేని కుప్ప పైన తడవకపోయినా అడుగున నానిపోతుంది. చివరగా పట్ట కప్పి, మీదుగా తాళ్లు వేసి, అంచుల మీద ఇసుక మూటలు పెట్టండి.

పట్ట కప్పేశాం కదా అని రెండు రోజులు అలాగే వదిలేయడం కూడా తప్పే. పచ్చి వడ్లు లోపల వేడెక్కి, చెమర్చి, ముక్కిపోయిన వాసన పడతాయి. వాన వెలిసి ఎండ రాగానే పట్ట తీసి తిరగబోయండి.

## 5. మొదటి ఉరుము వినబడగానే

ఇక్కడినుంచి పంట గురించి ఆలోచించకండి. కప్పనిది కప్పనట్టే వదిలేయండి.

మెరుపు కనబడిన క్షణం నుంచి లెక్కపెట్టండి. ధ్వని మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు ప్రయాణిస్తుంది. 30 లెక్కపెట్టేలోపే ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉంది, తర్వాతిది మీ చేలోనే పడొచ్చు. నిజానికి ఉరుము వినబడిందంటేనే లోపలికి పోవాలి. లెక్క ఆలస్యం చేయడానికి సాకు కాకూడదు.

చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి. వాన తగ్గిందని వెంటనే బయల్దేరినవాళ్ల మీదా పిడుగు పడుతుంది. వాన లేని చోట కూడా పడుతుంది.

ఎక్కడికి పోవాలి. గోడలు, పైకప్పు, వైరింగు ఉన్న పక్కా ఇల్లు, బడి, సచివాలయం. అది లేకపోతే అద్దాలు ఎత్తిన కారు, బస్సు. ఇనుప డబ్బా చుట్టూ ఉండటం వల్ల కరెంటు బయటి నుంచే నేలకు పోతుంది. కారు టైర్ల రబ్బరు వల్ల కాదు. అందుకే రబ్బరు చెప్పులు వేసుకున్నా, ట్రాక్టరు మీద కూర్చున్నా రక్షణ లేదు. ఆటో, బైకు కూడా పనికిరావు.

ఎక్కడ ఉండకూడదు. చెట్టు కింద, ముఖ్యంగా ఒంటరి తాడి, వేప కింద. చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ల వెంట నేలలోనూ పాకుతుంది. కాపలా పాక, షామియానా, బస్సు షెల్టరు, మోటారు షెడ్డు కూడా ఆశ్రయం కావు. ఇనుప కంచె, కూరగాయల పందిరి తీగలు పట్టుకోవద్దు. నీళ్లు పెట్టిన కయ్యలో, చెరువులో, రొయ్యల గుంటలో ఉంటే వెంటనే నీళ్లలోంచి బయటికి వచ్చేయండి.

ఏ ఇల్లూ అందుబాటులో లేకపోతే. బయలు పొలంలో భద్రమైన చోటంటూ లేదు, తక్కువ ప్రమాదం ఉన్న చోటు మాత్రమే ఉంది. గట్టు, గెనం, మిట్ట దిగండి. పలుగు, పార, గొడుగు వదిలేయండి. నలుగురుంటే గుంపుగా నిలబడకుండా దూరం దూరంగా జరగండి, ఒకరికి తగిలినా మరొకరు సాయం చేయగలరు. జుట్టు నిక్కబొడుచుకుంటే, ఒళ్లు చిమచిమలాడితే మడమలు కలిపి, పాదాల మీద గొంతుక్కూర్చుని, తల వంచి చెవులు మూసుకోండి. పడుకోవద్దు, నేలలో పాకే కరెంటుకు ఒళ్లంతా దారి అవుతుంది. ఇది ఆఖరి ఉపాయం. పక్కా ఇంటికి పరిగెత్తే వీలుంటే దానికే పరిగెత్తాలి.

ఇంట్లో ఉన్నప్పుడు. టీవీ, ఫ్రిజ్, డిష్ తీగలు ముందే తీసేయండి. మెరుపులు మొదలయ్యాక ప్లగ్గుల జోలికి పోవద్దు. స్నానం చేయడం, గిన్నెలు తోమడం ఆపండి. చార్జింగ్‌లో ఉన్న ఫోను మాట్లాడొద్దు. జేబులో ఉన్న సెల్‌ఫోను పిడుగును లాగుతుందన్నది మాత్రం నిజం కాదు, సాయం పిలవడానికి దాన్ని దగ్గరే ఉంచుకోండి. గుమ్మంలో, అరుగు మీద నిలబడి వాన చూడొద్దు. పెద్దలు నేర్పినట్టు అర్జునా, ఫల్గుణా అనుకోండి, కానీ లోపలి గదిలో కూర్చుని అనుకోండి.

వేసవి రాత్రుళ్లు మిద్దె మీద పడుకునేవాళ్లు ఫోను మెసేజీ శబ్దం తగ్గించకుండా పెట్టుకోండి. మొదటి మెరుపుకే పిల్లలను లేపి దింపాలి, పరుపులు తర్వాత.

## 6. జీవాల కాపరులకు

గొర్రెలు ఉరుముకు బెదిరి ఒక్క చెట్టు కిందికే చేరతాయి. పిడుగు పడితే నేలలో పాకే కరెంటు ముందు కాళ్ల నుంచి ఎక్కి వెనక కాళ్లకు దిగుతుంది, దారిలో గుండె ఉంటుంది. ఒక్క పిడుగుకు మందలో చాలా జీవాలు పోవడానికి కారణం ఇదే.

హెచ్చరిక ఉన్న రోజున కొండ మీదికి కాకుండా ఊరికి దగ్గర్లో మేపండి. మబ్బు లేస్తుండగానే మందను పల్లంలోకి, పొదల మధ్యకు మళ్లించండి, ఒంటరి చెట్టు దగ్గరకు పోనివ్వకండి. వాగు ఇసుకలో మాత్రం మంద ఆపొద్దు, పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే నీళ్లు వచ్చేస్తాయి. తర్వాత మందను వదిలి మీరు బడికో, గుడికో చేరండి. మందతోనే ఉండాలన్న మమకారం తెలుసు, అయినా ఈ మాట చెప్పక తప్పదు.

## 7. పైరు తడిస్తే

కోయని వరి పడిపోతే ముందు నీళ్లు బయటికి తీయండి. గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయాలి. కల్లంలో తడిసిన వడ్లు వెంటనే ఆరబెట్టే ఎండ లేకపోతే, క్వింటాకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచి, ఎండ రాగానే ఆరబెట్టి తూర్పారబట్టండి.

నిమ్మ, బత్తాయి, మామిడి తోటల్లో వడగళ్లకు చెట్టు బెరడు చీలుతుంది. విరిగిన కొమ్మలు నున్నగా కోసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేస్తే తెగుళ్లు దూరకుండా ఉంటాయి. రాలిన కాయ అదే రోజు వేరు చేయండి, చెట్టు కాయతో కలిపితే మొత్తం ధర పోతుంది.

రొయ్యల గుంటల్లో పెద్ద వాన తర్వాత మంచినీళ్లు పైన తేలి, ఉప్పునీళ్లు అడుగున ఉండిపోయి, అడుగున ఆక్సిజన్ పడిపోతుంది. పైనీళ్లు తూముగుండా వదలండి, ఏరేటర్లు తిప్పండి, మేత తగ్గించండి, పీహెచ్ చూసి సున్నం వేయండి. కరెంటు పోయేది సరిగ్గా అప్పుడే కాబట్టి జనరేటరులో డీజిలు ముందురోజే నింపి ఉండాలి. పిడుగులు పడుతుండగా గుంట గట్టు మీదికి మాత్రం ఎవరినీ పంపొద్దు.

## 8. పిడుగు తగిలిన మనిషికి

పిడుగు తగిలినవాళ్లను ముట్టుకుంటే షాకు కొడుతుందన్న భయంతో దూరంగా నిలబడటం వల్ల బతకాల్సినవాళ్లు పోతున్నారు. ఒంట్లో కరెంటు మిగలదు. వెంటనే ముట్టుకోవచ్చు. కరెంటు తీగ తెగి మీద పడినవాళ్ల సంగతి వేరు, అక్కడ సరఫరా ఆగేదాకా ముట్టుకోకూడదు.

1. ఇంకా పిడుగులు పడుతుంటే మనిషిని దగ్గర్లోని భద్రమైన చోటికి చేర్చండి. ఒకరు 108కి ఫోను చేయాలి.
2. పలకరించి, ఊపిరి చూడండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి మడమతో 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి.
3. ఊపిరి ఊదడం తెలిసినవాళ్లు 30 నొక్కులకు 2 సార్లు నోటితో ఊపిరి ఊదాలి. పిడుగు తగిలినప్పుడు గుండె తిరిగి కొట్టుకున్నా ఊపిరి ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఇది ముఖ్యం.
4. 108 వచ్చేదాకా ఆపొద్దు, మనుషులు మారుతూ చేయండి.

ఇద్దరు ముగ్గురికి తగిలితే మూలిగేవాళ్లను కాసేపు వదిలి, కదలకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరకు ముందు పోండి. మూలిగేవాళ్లు ఎలాగూ ఊపిరి తీస్తున్నారు.

పేడ పూయడం, మట్టిలో పాతిపెట్టడం, నీళ్లు తాగించడం ఏవీ చేయొద్దు. లేచి కూర్చుని బాగానే ఉందన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, గుండె లయ, చెవులు, కళ్లు చూపించాలి.

## 9. టోర్నడో సంగతి

అమెరికాలో ఓక్లహోమా, కాన్సాస్ వైపు వసంతంలో వచ్చేంత టోర్నడోలు మన దగ్గర పుట్టే పరిస్థితులు చాలా అరుదు. ఎండాకాలం బీట్లో లేచే సుడిగాలి వేరు, దానికి మబ్బుతో సంబంధం లేదు. ఒకే వీధిలో రేకులన్నీ లేచి చెట్లు ఒకే దిక్కుకు పడితే అది చాలావరకు మబ్బులోంచి దిగిన గాలి దెబ్బే. మబ్బు నుంచి నేలకు తొండం దిగడం కనబడితే మాత్రం వీడియో తీయకుండా కింది అంతస్తులో, కిటికీలు లేని చిన్న గదిలోకి పోయి తల కాపాడుకోండి.

## 10. వాన వెలిశాక

తెగిన తీగ చచ్చిందో బతికుందో చూసి చెప్పలేం. కనీసం 10 మీటర్ల దూరం ఉండి, 1912కి ఫోను చేయండి, ఎవరూ పోకుండా ఒకరు కాపలా ఉండండి. నీళ్లు నిలిచిన చోట తీగ పడితే ఇంకా దూరం. తెల్లారుజామున పొలానికి పోయేవాళ్లు టార్చి లేకుండా వెళ్లొద్దు.

తర్వాత కాగితాలు. నష్టం జరిగినా సాయం అందకపోవడానికి ఎక్కువగా కారణం ఆలస్యమే.

- శుభ్రం చేయకముందే ఫొటోలు తీయండి, లొకేషను, తేదీ పడేలా.
- బీమా ఉన్న పైరుకు వడగళ్లు, నీటి ముంపు నష్టం జరిగితే 72 గంటల్లోపు 14447కి గానీ బ్యాంకుకు గానీ చెప్పాలి. కోసి చేలో ఆరేసిన పంటకు కూడా, కోసిన 14 రోజుల్లోపు అకాల వర్షం దెబ్బ తగిలితే ఈ వీలు ఉంది.
- పంట నష్టపోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయానికి పైరు నష్టం 33 శాతమో, ఆ పైనో ఉన్నట్టు ప్రభుత్వ సిబ్బంది రాయాలి. ఈ-పంటలో పేరు లేకపోతే కష్టం. కౌలుదారులు తమ పేరే ఉందో లేదో ముందే చూసుకోవాలి.
- పశువు, గొర్రె చనిపోతే పూడ్చకముందు 1962కి చెప్పి, పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించి కాగితం తీసుకోండి. చెవి పోగు నంబరు ఫొటోలో పడాలి.
- మనిషి పిడుగుకు చనిపోతే, ఆ దుఃఖంలో కూడా పోలీసు ఫిర్యాదు, పోస్టుమార్టం లేకుండా అంత్యక్రియలు చేయకండి. విపత్తు మృతికి ఇచ్చే 4 లక్షల రూపాయలకు ఆ రెండు కాగితాలే ఆధారం. ఇరుగుపొరుగు వాళ్లు ఈ పని తమ మీద వేసుకోవాలి, ఆ ఇంటివాళ్లకు అప్పుడు గుర్తుండదు.

ఫోనులో వేసుకోవాల్సిన నంబర్లు: విపత్తుల నిర్వహణ సంస్థ 1070, 18004250101. అత్యవసరం 112. అంబులెన్సు 108. కరెంటు 1912. పశువైద్యం 1962. పంటల బీమా 14447. వీటిని కల్లం దగ్గర మోటారు షెడ్డు తలుపు మీద కూడా సుద్దతో కాకుండా పెయింటుతో రాసి పెట్టండి.